ఇంగ్లీష్‌లో ‘ఎంకరేజ్’ ఎలా వాడాలి? ‘మోటివేట్’కి దానికి తేడా ఏమిటి?

వాడుక సంగతి ముందు చెప్పేస్తాను. ‘ఎంకరేజ్’ తర్వాత మనిషిని చెప్పి, ‘టు’ పెట్టి పని చెప్పాలి: ‘షి ఎంకరేజ్డ్ మి టు అప్లై’. మనలో చాలామంది ‘ఫర్ అప్లయింగ్’ అంటారు, అది తప్పు. ‘డిస్కరేజ్’ అయితే ‘ఫ్రమ్ అప్లయింగ్’ అనాలి. ‘వాడి అల్లరిని ఎంకరేజ్ చేయకండి’ అని ఇళ్లలో అంటుంటాం కదా, ఇంగ్లీష్‌లోనూ ఆ వాడుక ఉంది.

ఇక తేడా. మోటివేట్ చేయడమంటే పని చేయడానికి కారణం చూపించడం: ర్యాంకు, జీతం, అమెరికా. ఎంకరేజ్ చేయడమంటే ధైర్యం ఇవ్వడం. కారణాలు మైకులో అందరికీ ఒకేసారి చెప్పొచ్చు. ధైర్యం మాత్రం ఒక్కొక్కరికి విడివిడిగా ఇవ్వాల్సిందే.

నేను విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఒక ఆదివారం ఎవరో వక్తని పిలిపించి మోటివేషన్ క్లాసు పెట్టారు. ఆయన గంటన్నర ఊదరగొట్టాడు, మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ రాత్రే మా రూమ్‌లో ఉండే రేపల్లె కుర్రాడు పెట్టె సర్దేశాడు. వీక్లీ టెస్టులో మళ్లీ అడుగున ఉన్నాడు, పొద్దున్నే ఇంటికి వెళ్లిపోతానంటాడు. స్టడీ అవర్‌కి వచ్చిన ఫిజిక్స్ సార్ అది చూసి ఏమీ అనలేదు. ఆ పెట్టె మీదే కూర్చుని వాడి పేపరు అడిగారు. ప్రొజెక్టైల్ లెక్క దగ్గర వేలు పెట్టి, “దారి మొత్తం నువ్వే పట్టావురా. నిలువు వేగానికి సైన్ వేయాల్సిన చోట కాస్ వేశావు, అంతే. ఇంకోటి ఇస్తాను, నా ముందే చెయ్యి” అన్నారు. వాడు చేశాడు, జవాబు వచ్చింది. పొద్దున పెట్టెలోని బట్టలు మళ్లీ షెల్ఫులో ఉన్నాయి. రెండో ఏడాది కూడా అక్కడే పూర్తి చేశాడు.

అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫొటోలు చూసి మామూలు మార్కుల పిల్లలు బెదిరిపోతారు తప్ప ఒక్కరికీ ధైర్యం రాదు. పిల్లల్ని ఇంటర్‌లో చేర్చే తల్లిదండ్రులు మోటివేషన్ క్లాసులు ఉన్నాయా అని అడగడం మానేయాలి. సెక్షన్‌లో ఎంతమంది, స్టడీ అవర్‌లో లెక్చరర్ ఉంటారా, దిద్దిన పేపరు పిల్లాడి చేతికిచ్చి తప్పు ఎక్కడుందో కూర్చుని చెబుతారా, అవి అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.