ఆటో ఎక్కినవాళ్లకు యేసు గురించి చెబితే కేసు పెడతారా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఆటో నడుపుతాను. బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర బాడుగలు చూసుకుంటాను. కొన్నేళ్ల కిందట మా కుటుంబమంతా బాప్తిస్మం తీసుకున్నాం. ఎక్కినవాళ్లతో మాటల్లో యేసయ్య గురించి చెబుతుంటాను. ఎవరైనా అడిగితే కొత్త నిబంధన పుస్తకం ఇస్తాను. మొన్న అలిపిరికి పోతున్న ఒకాయన నా మాటలను ఫోన్లో వీడియో తీసి, 'తిరుపతిలో ఇది నేరం, నాన్ బెయిలబుల్ కేసు పెట్టిస్తా' అని బెదిరించి దిగిపోయాడు. స్టాండులో వాళ్లు కూడా జాగ్రత్త అంటున్నారు. అంతకుముందు రుయా ఆసుపత్రికి తీసుకుపోయిన ఒక రోగి కోసం వాళ్లు అడిగితేనే ప్రార్థన చేశాను. బాడుగ మీద యాభై రూపాయలు ఎక్కువ ఇచ్చారు. అదీ తప్పేనా? ఆటో వెనక 'యేసే రక్షకుడు' అని రాయించాను, దాన్ని తీసేయాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయవద్దని కోరిన పాఠకుడు, తిరుపతి

జవాబు: ఎక్కిన మనిషితో మీ దేవుడి గురించి మాట్లాడటమే నేరమని చెప్పే చట్టం మన రాష్ట్రంలో లేదు. ముందు ఇంట్లో ఆ మాట చెప్పండి. అయితే మీరు తిరిగే దారి వేరు. మీ బండెక్కేవాళ్లలో సగంమంది మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వేరే ఊళ్లో ఎవరూ పట్టించుకోని మాట ఇక్కడ స్టేషన్ దాకా పోవచ్చు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మతాన్ని నమ్మే, ఆచరించే హక్కుతో పాటు దాన్ని ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. ఈ ప్రచారం అన్నది ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి వాదనే జరిగింది. చివరికి ఉంచారు. దానికి హద్దులూ అక్కడే పెట్టారు: శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం, ఇతరుల ప్రాథమిక హక్కులు.

ఆ హక్కు ఎంతవరకు అన్నది సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. మధ్యప్రదేశ్, ఒడిశా చేసిన మతమార్పిడి చట్టాలు చెల్లుతాయా లేదా అన్నది అక్కడి తగాదా. ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ చట్టాలను నిలబెట్టింది. నీ మతం ఏం చెబుతుందో వివరించి చెప్పుకో, అది నీ హక్కు. ఎదుటివాణ్ణి నీ మతంలోకి మార్చే హక్కు మాత్రం నీకు లేదు, ఎందుకంటే అతనికీ నీకున్నంత అంతఃకరణ స్వేచ్ఛ ఉంది – ఆ తీర్పు సారం ఇది. చాలామంది పాస్టర్లకు ఈ తీర్పు రుచించదు, పూర్తిగా తమకే వ్యతిరేకమని అనుకుంటారు. నా లెక్కన మీలాంటివాళ్లకు అదే రక్ష. మీరు చేస్తున్నది చెప్పడం వరకే అయితే, ఆ తీర్పు మీ పక్కనే నిలబడుతుంది.

వాట్సాప్‌లో తిరిగే అరెస్టు వీడియోలు చూసి భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. వాటిలో చాలా ఉత్తరాదివి. ఉత్తరప్రదేశ్‌లో 2021 నాటి మతమార్పిడి నిరోధక చట్టం ఉంది, దాని కింద అక్కడ కేసులు పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం లేదు. అక్కడి సెక్షన్లు తెచ్చి తిరుపతి ఆటో మీద వేయలేరు.

మరి ఆయన 'తిరుపతిలో నేరం' అని ఎందుకన్నాడు? పూర్తిగా గాలిమాట కాదది. 2007లో మన రాష్ట్రం ప్రార్థనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ మొదట ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చిన జీవో 747లో తిరుమలతో పాటు మరికొన్ని పెద్ద దేవాలయాలను నోటిఫై చేశారు. నోటిఫై అయిన చోట మరో మతం గురించి ప్రచారం చేసినా, కరపత్రాలు పంచినా జైలుశిక్ష, జరిమానా పడే నేరం. ఈ చట్టం పట్టుకునేది నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాలనే. కొర్లగుంటలోనో లీలామహల్ సర్కిల్లోనో నడుస్తున్న మీ ఆటోలో మాట్లాడిన మాటకు అది వర్తించదు. ఊరి పేరు తిరుపతి అయినంత మాత్రాన ఊరంతా గుడి ఆవరణ అయిపోదు.

అలిపిరి దగ్గర మాత్రం చట్టం అడిగేదానికంటే ఒక అడుగు ఎక్కువే జాగ్రత్త పడమంటాను. అక్కడి తనిఖీలో మద్యం, మాంసం, సిగరెట్లతో పాటు అన్యమత ప్రచార సామగ్రినీ పైకి పోనివ్వరు. మీ ఆటో ఎలాగూ కొండెక్కదు. కానీ మీరిచ్చిన పుస్తకం సంచిలో పెట్టుకుని ప్యాసింజర్ తనిఖీకి పోతే, ఎక్కడిదని అడుగుతారు, మీ బండి నంబరు చెబుతాడు. అలిపిరికో, నడిచి ఎక్కేవాళ్లు దిగే శ్రీవారి మెట్టుకో పోయే బాడుగల్లో పుస్తకం చేతికివ్వకండి, అడిగినా సరే. 'తిరుగు ప్రయాణంలో కనిపిస్తే ఇస్తాను' అనండి. కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు, శ్రీనివాసం, విష్ణునివాసం ఆవరణల్లో కూడా మౌనంగా ఉండండి. అవి దేవస్థానం స్థలాలు. బయటికి పొమ్మన్నాక కూడా పోకపోతే అక్రమ ప్రవేశం కేసు వేరే వస్తుంది. ఫలానా గుడి ఆ జీవోలో ఉందా లేదా అని గేటు దగ్గర నిలబడి వాదించడం మీ పని కాదు, ఆ వాదన ఏదో మాలాంటి వకీళ్లం కోర్టులో చూసుకుంటాం.

ఇప్పుడు ఆయన అన్న నాన్ బెయిలబుల్ సంగతి. భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్ ఆయన మనసులో ఉండి ఉంటుంది. 2024 జులై 1కి ముందు ఐపీసీలో అదే 295ఏ. ఒక వర్గం ప్రజల మతాన్ని, మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు. నాన్ బెయిలబుల్ అన్నది నిజమే. కానీ పొరపాటున, అజాగ్రత్తగా దొర్లిన మాట దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే రాంజీలాల్ మోదీ కేసులో చెప్పింది. పైగా ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇవ్వనిదే కోర్టు ఈ కేసును విచారణకు తీసుకోకూడదు. 'యేసు నా జీవితాన్ని మార్చాడు, తాగుడు మానేశాను' అని మీరు చెబితే అందులో ఎవరి మతానికీ అవమానం లేదు.

నేను ఎక్కువ జాగ్రత్త పడమనేది 302వ సెక్షన్ గురించి. సెక్షన్ నంబరు వినగానే హత్య కేసని కంగారుపడకండి, అది పాత ఐపీసీలో. కొత్త సంహితలో 302 అంటే ఒక మనిషి మత భావాలను గాయపరచాలన్న ఉద్దేశంతోనే అతనికి వినబడేలా మాట అనడం, సైగ చేయడం. ఏడాది వరకు జైలు. 299కి ఒక వర్గాన్ని అవమానించాలి, దీనికి వెనక సీట్లో కూర్చున్న ఒక్క మనిషి చాలు. గుండు చేయించుకుని కొండ దిగి వచ్చిన ముసలాయనతో 'వెంట్రుకలిస్తే పాపాలు పోతాయా తాతా?' అన్నారనుకోండి. లడ్డు సంచి చూసి 'రాయికి పెట్టింది తింటారా?' అన్నారనుకోండి. ఇవి సువార్త మాటలని మీరనుకోవచ్చు, జడ్జిగారు అనుకోరు. మీ సాక్ష్యంలో 'నేను', 'నాకు' ఉన్నంతసేపు మీకు ఇబ్బంది లేదు. 'మీరు', 'మీ దేవుడు' అని మొదలైన చోట ఆపేయండి.

చట్టం పుస్తకంలో లేని ఇంకో విషయం, నా దృష్టిలో ఇదే అసలైనది. రోడ్డు మీద కరపత్రం ఇస్తే వద్దనుకున్నవాడు చేతులు వెనక్కి పెట్టుకుని పోతాడు. మీ ఆటోలో కూర్చున్నవాడు ఎక్కడికి పోతాడు? బండి పోతూ ఉంటుంది, ముందు మీరు, పక్కన సామాను. రాత్రి పదకొండుకు రైలు దిగిన ఆడకూతురు, పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఊరు తెలియక ఎక్కితే, మీరు చెప్పేది నచ్చకపోయినా తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని ఒప్పుకున్నట్టు లెక్క వేసుకోవద్దు. స్టేషన్‌లో ఆమె 'ఆపమన్నా ఆపలేదు, భయమేసింది' అని రాసిచ్చిందంటే, మీరేం చెప్పారన్నది పక్కకు పోయి, ఆమెను ఎలా ఇబ్బంది పెట్టారన్నదే కేసవుతుంది. కాబట్టి ముందు అడగండి: 'అమ్మా, నా గురించి ఒక మాట చెప్పొచ్చా?' వద్దంటే, ఫోన్ చూసుకుంటుంటే, మాట మారిస్తే అక్కడితో వదిలేయండి. పిల్లలు ఒంటరిగా ఎక్కితే అసలు ఎత్తనే వద్దు. స్కూలు పిల్లల బాడుగలు ఉంటే తల్లిదండ్రులకు తెలియకుండా పుస్తకాలు ఇవ్వడం చాలా చెడ్డ ఆలోచన.

రుయా దగ్గర ప్రార్థన విషయం. రోగి తరఫువాళ్లు అడిగారు, మీరు చేశారు, అందులో తప్పు వెతకడానికి ఏమీ లేదు. ఆ యాభై రూపాయలు మాత్రం తీసుకోకుండా ఉండాల్సింది. ఇప్పుడు అది నేరమైపోలేదు, బాడుగ మీద ఇచ్చిన టిప్పు అని చెప్పుకోవచ్చు. కానీ ప్రార్థనకూ డబ్బుకూ ముడి పడిందంటే రేపు ఎవరైనా మోసం అనొచ్చు. 'ప్రార్థిస్తే నయమవుతుంది, ఆపరేషన్ అక్కర్లేదు, మందులు ఆపేయండి' అని ఎప్పుడూ అనకండి. రోగి ప్రాణం మీదికి వస్తే మిమ్మల్ని ఏ రాజ్యాంగమూ కాపాడదు. వార్డుల్లోకి పోయి మంచం మంచానికీ కరపత్రాలు పంచడం కూడా వద్దు, అక్కడ సూపరింటెండెంట్ మాటే చట్టం. అలాగే సాయం చేస్తూ, అప్పు ఇస్తూ, ఉద్యోగం చూపిస్తూ 'మా సంఘానికి రండి' అనకండి. తాయిలం చూపించి తిప్పుకున్నారన్న ఆరోపణకు అదే పునాది.

మీ సంఘం వాళ్లు మైకు పెట్టి వీధి సువార్త చేద్దామంటే అది మీ ఆటో మాటల్లాంటిది కాదు. మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు వాడకూడదు. పోలీసులు సభలు, ఊరేగింపులను అదుపు చేసే పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో పెట్టి ఉంటే గుంపుగా వీధిలో నిలబడటానికీ పర్మిషన్ తీసుకోవాలి. పక్కింటివాడి నిద్ర చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పిన కేసులో కక్షిదారు చెన్నైలోని ఒక చర్చే.

ఇక ఆ వీడియో. ఆయన నిజంగా ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? ఒక కవిత మీద పెట్టిన ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీకు పనికొస్తుంది. అందులో పెట్టిన సెక్షన్లలోనూ 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం), 299, 302 ఉన్నాయి. మాటల మీద వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో, మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరమైతే, డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి చూడటం మంచిదని చెబుతూ ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. ఎఫ్‌ఐఆర్ అయినా ఏడేళ్లలోపు శిక్షపడే కేసు కాబట్టి మామూలుగా ముందు అరెస్టు చేయకుండా, హాజరు కమ్మని భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసిస్తారు. నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. ఎగ్గొడితే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టు. నోటి మాటగా 'స్టేషన్‌కు రా' అంటే మర్యాదగానే నోటీసు అడగండి, వకీలును వెంటబెట్టుకుని పోండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. 'ఇక మీదట చేయను' అని రాసివ్వమంటే, వకీలుకు చూపించకుండా రాయకండి. వకీలు ఫీజు కష్టమైతే 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయసహాయం అడగవచ్చు.

ఆ రోజు ఎవరు ఎక్కారు, ఎక్కడ దిగారు, మీరన్నది ఏమిటి, ఆయనన్నది ఏమిటి, ఇప్పుడే ఒక కాగితం మీద తేదీ వేసి రాసిపెట్టుకోండి. మళ్లీ ఎవరైనా వీడియో తీస్తే తియ్యనివ్వండి. ఫోన్ మీద చెయ్యి వేశారా, మీ మీద కేసు నిజంగానే పుడుతుంది. నలుగురు చేరి బండి ఆపి కొడితే, తాళం లాక్కుంటే 112కి చేయండి. దారి అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం వాళ్ల నేరాలవుతాయి, మీరేం నమ్ముతారన్నది అక్కడ ప్రశ్నే కాదు. తోపులాట జరిగితే ముందు ఆసుపత్రికి పోయి ఎమ్మెల్సీ (గాయాలను డాక్టరు నమోదు చేసే మెడికో-లీగల్ రికార్డు) చేయించుకోండి, తర్వాత ఫిర్యాదు ఇవ్వండి.

ఆటో వెనక రాత తీసేయక్కర్లేదు. పక్క ఆటో మీద 'గోవిందా' అని ఉన్నట్టే ఇదీను. నంబరు ప్లేటు మీద మాత్రం నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదు, సిలువ గుర్తు అయినా సరే. అద్దానికి అడ్డంగా స్టిక్కరు ఉంటే అదీ పీకేయండి. ఆ రెండూ ట్రాఫిక్ చలానా విషయాలు.