రెక్కల మధ్య ఆ తీగలెందుకు?

ప్రశ్న: సార్, మా ఊళ్లో పాత సామాన్ల కొట్లో ఒక విమానం ఫొటో దొరికింది. రెండు ఇంజిన్లు, రెక్క మీద రెక్క, మధ్యలో తీగలు. వెనకాల 'డ్రాగన్ రాపిడ్' అని రాసుంది. ఇందులో నిజంగా ప్యాసింజర్లు ఎక్కేవాళ్లా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఎక్కేవాళ్లండీ, ఆరు నుంచి ఎనిమిది మంది. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ చేసిన ఈ విమానం 1934 ఏప్రిల్‌లో మొదటిసారి ఎగిరింది, మొత్తం 700కు పైగా తయారయ్యాయి. పైలట్ ముక్కులో ఒంటరిగా కూర్చునేవాడు, పక్కన ఇంకో సీటే లేదు!

ఇక తీగల సంగతి. దీని ఒళ్లంతా చెక్క, ప్లైవుడ్. చెక్కతో ఒకటే పొడుగు రెక్క చేస్తే బలం కోసం మందంగా, బరువుగా చేయాలి, అదే రెండు రెక్కలు పెట్టి మధ్యలో నిలువు ఊతలు, ఏటవాలుగా ఉక్కు తీగలు బిగిస్తే రైల్వే బ్రిడ్జి గర్డర్‌లా తక్కువ బరువుతోనే గట్టిగా నిలబడుతుంది. కొన్ని తీగలు గాల్లో రెక్క పైకి వంగకుండా లాగిపట్టేవి, కొన్ని నేల మీద కిందికి వాలకుండా. కాకపోతే ఇవన్నీ గాలికి అడ్డమే, అందుకే మామూలు వేగం గంటకు 210 కిలోమీటర్ల దగ్గరే.

నాకు బాగా నచ్చేది రెక్కల మీది గుడ్డ. అవును, గుడ్డే. దానికి డోప్ అనే ద్రావణం పూస్తే ఆరేకొద్దీ, మన దగ్గర మంటకు కాపిన డప్పులా బిగుసుకుంటుంది.

ఇంజిన్లు ఒక్కోటి 200 హార్స్‌పవర్, సిలిండర్లు తలకిందులుగా వేలాడుతుంటాయి. చక్రాలు లోపలికి మడవవు, ఇంజిన్ల కింద ప్యాంటు తొడిగినట్టు కనిపిస్తాయి, ఫొటోలో చూడండి.