ముందు పిన్నుల పట్టిక, తర్వాతే బోర్డు

చిరంజీవి చిన్నాకి,

గుంటూరు నుంచి నువ్వు పంపిన స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) చూశాను. గీత శుభ్రంగా ఉంది, కానీ తొందరపడ్డావు రా. ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్‌లో యూఎస్‌బీ పీఏ11, పీఏ12 పిన్నుల మీద ఉంచి, బోర్డుల మధ్య కబుర్లు మోసే క్యాన్‌ని పీబీ8, పీబీ9కి మార్చావు. పిన్నులు వేరయ్యాయి కాబట్టి రెండింటి మధ్య గొడవ తీరిపోయిందనుకున్నావు. తీరలేదు. ఆ చిప్‌లో రెండింటికీ కలిపి ఉన్నది ఒకటే 512 బైట్ల మెమరీ. ఒకటి వాడుతుంటే రెండోది నడవదు. మోటార్ కంట్రోలర్, బ్యాటరీ బోర్డు మాట్లాడుకునేది క్యాన్‌లోనే కదా, యూఎస్‌బీని వదిలెయ్. ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు చాలు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మూసేసి ఒక తెల్లకాగితం తీసుకుని పిన్నుల పట్టిక రాయి. పెళ్లి బస్సులో ముసలివాళ్లని ముందు కూర్చోబెట్టి, కుర్రాళ్లని మిగిలిన చోట్ల ఇరికించినట్టు, కదలలేని వాటికి ముందు చోటివ్వు. ప్రోగ్రామింగ్‌కి పీఏ13, పీఏ14. తర్వాత క్యాన్. ఆపైన వోల్టేజీ, కరెంటు కొలిచే ఏడీసీ పిన్నులు. ఎల్‌ఈడీలు, బటన్లు ఎక్కడైనా సర్దుకుంటాయి. పీబీ3, పీబీ4, పీఏ15 ఖాళీగా కనిపిస్తాయి గానీ రీసెట్ అవగానే అవి జేట్యాగ్ అనే డీబగ్గింగ్ పోర్టు చేతిలో ఉంటాయి, కోడ్‌లో విడిపించుకోవాలి.

12 వోల్టుల బ్యాటరీ ఛార్జింగ్‌లో 14.4 దాకా పోతుంది. దాన్ని పంచడానికి 39కే, 10కే (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు పెడితే ఏడీసీ పిన్ను దగ్గర 2.94 వోల్టులే ఉంటుంది.

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టింది కాంటాక్టర్, అదే పెద్ద కరెంటుని కలిపే స్విచ్. రీసెట్‌లో దాదాపు పిన్నులన్నీ గాల్లో ఉంటాయి. దాన్ని నడిపే మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్) గేటు నుంచి గ్రౌండ్‌కి 10కే రెసిస్టర్ లేకపోతే ఆ క్షణంలో కాంటాక్టర్ దానంతట అదే ఆన్ అయిపోవచ్చు. పిన్నులు సర్దే సాఫ్ట్‌వేర్ క్యూబ్‌ఎంఎక్స్, పిన్నులు ఢీకొంటే చూపిస్తుంది గానీ, ఇది మాత్రం చెప్పదు.

క్యాన్ వైరు రెండు చివర్లా 120 ఓమ్‌లు ఉండాలి, మధ్య బోర్డుల్లో వద్దు. పవర్ తీసేసి రెండు వైర్ల మధ్య మీటర్ పెట్టు, 60 చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టర్ లేదన్నమాట.

నువ్వు తీసుకున్న చిప్‌ 85 డిగ్రీల దాకానే. మే నెల బెజవాడ ఎండలో, ప్యానెల్ కింద మూసిన పెట్టెలో బోర్డు ఎలా ఉడుకుతుందో నీకు వేరే చెప్పాలా? ఒక ఏడీసీ పిన్ను వేడి కొలిచే థర్మిస్టర్‌కి ఉంచు. మిగిలిన పిన్నుల్ని వదిలెయ్యకుండా, వైర్లు తగిలించుకునే హెడర్ మీదకి తీసుకురా.

పట్టిక అయ్యాక ఫోటో పంపు. అది నేను చూసేదాకా బోర్డు ఆర్డర్ పెట్టకు.

మీ మావయ్య
విజయవాడ