ఆవాలు నూరితేనే ఘాటు: డయాటమ్‌లకు ఆపద ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సముద్రంలోని వృక్షప్లవకాలలో (నీటిలో తేలుతూ బతికే, మొక్కల వంటి సూక్ష్మజీవులలో) ఒక కణం దెబ్బతింటే, చుట్టుపక్కల కణాలు రసాయనాల ద్వారా ఆ సంగతి పసిగడతాయని చదివాను. మెదడు, నాడులు లేని ఏకకణ జీవికి అది ఎలా సాధ్యం? దాన్ని హెచ్చరిక అనవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: పసిగట్టడానికి నాడులే ఉండాలన్న నియమం లేదు. కణం లోపలి ద్రవంలో కాల్షియం అయాన్లు సముద్రపు నీటిలో కంటే అనేక వేల రెట్లు తక్కువగా ఉంటాయి కాబట్టి, వాటి మట్టం క్షణకాలం పెరిగినా కణానికి అది స్పష్టమైన సంకేతమవుతుంది. డయాటమ్‌లు వృక్షప్లవకాలలో ఒక రకం ఏకకణ జీవులు. వాటిలో ఫియోడాక్టిలమ్ ట్రైకోర్న్యూటమ్ అనే డయాటమ్‌లో, కాల్షియం తగిలితే వెలిగే ఈక్వోరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును చేర్చి చూసినప్పుడు, నీటి కదలికకూ, లవణీయతలోని మార్పుకూ, ఇనుము అందినప్పుడూ ఆ కణాలు స్పందిస్తున్నాయని 2000లో వెల్లడైంది.

ఇక మీరడిగిన రసాయనాల సంగతి. ఆవగింజ గింజగా ఉన్నంతసేపు ఘాటు తెలియదు. నూరినప్పుడు, అంతవరకూ వేరువేరుగా ఉన్న పదార్థమూ ఎంజైమూ కలిసి ఘాటు పుడుతుంది. చాలా డయాటమ్‌లలోనూ జరిగేది ఇలాంటిదే. కణం చిట్లగానే ఎంజైమ్‌లు దాని పొరల్లోని కొవ్వుల నుంచి కొవ్వు ఆమ్లాలను విడదీసి, ముక్కలుచేసి, నిమిషాల వ్యవధిలోనే డెకాడైఈనాల్ వంటి, ఆల్డిహైడ్‌లు అనే రసాయనాలను తయారుచేస్తాయి. డయాటమ్‌లను మేసే కోపెపాడ్‌లనే చిన్న సముద్ర జీవుల గుడ్లు సరిగా పొదగకుండా ఇవి అడ్డుపడతాయని 1999లోనే తేలింది. అయితే మేతకు బలైన కణానికి దీనివల్ల ఒరిగేది ఏమిటన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది.

ఆ ప్రశ్నకు కొంత వెలుగు చూపింది 2006లో అస్సాఫ్ వార్డీ, క్రిస్ బౌలర్ తదితరులు ప్రచురించిన పరిశోధన. డెకాడైఈనాల్ తగిలిన డయాటమ్ కణంలో ముందుగా కాల్షియం పెరుగుతుంది, ఆ వెంట కణాల్లో సంకేతంగా పనిచేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ తరువాతి ఫలితం: మోతాదు ఎక్కువైతే కణం చనిపోతుంది, కానీ ప్రాణాపాయం కాని కొద్దిపాటి మోతాదును ముందుగా రుచిచూసిన కణాలు, మామూలుగానైతే చంపగల మోతాదును ఆ తరువాత తట్టుకోగలుగుతాయి. అంటే ఒకే పదార్థం ఒకచోట జాగ్రత్తపడమనే సూచన, మరొకచోట మరణం. ఏది ఎప్పుడన్నది దాని గాఢతను బట్టీ, ఆ కణం అంతకుముందు ఎదుర్కొన్నదాన్ని బట్టీ ఉంటుంది.

దీన్ని బట్టి, కణాలు దట్టంగా పెరిగిన తావుల్లో చిట్లుతున్న కణాల సంఖ్య పెరిగే కొద్దీ, మొదట మిగిలినవి బలపడి, ఒక హద్దు దాటాక అవి కూడా మూకుమ్మడిగా నశించవచ్చని ఆ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. విశాలమైన సముద్రంలో ఈ ఆల్డిహైడ్‌లు త్వరగా పలచబడిపోతాయి కాబట్టి, ప్రయోగశాల సీసాలో కనిపించినదంతా నడిసంద్రంలో అలాగే జరుగుతుందని అనుకోకూడదు.

‘హెచ్చరిక’ అన్న మాట విషయంలోనూ నేను కొంచెం వెనకాడతాను. చిట్లిన కణం ఎవరికో చెప్పాలని ఆల్డిహైడ్‌ను వదలదు. అది గాయం వల్ల పుట్టే పదార్థం. దాన్ని గుర్తించి అర్థం చేసుకునే నేర్పు బతికున్న కణానిది. అందుచేత పక్కకణం దీన్ని ‘ఆనవాలు పట్టింది’ అనడమే నాకు సరిగా తోస్తుంది.