కోపమొచ్చిన కెప్టెన్ తెలుగులో ఏమని తిట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి కోసం టిన్‌టిన్ బొమ్మల కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. కెప్టెన్ హాడక్ అరిచే 'బ్లిస్టరింగ్ బార్నకిల్స్'ని డిక్షనరీ చూసి 'బొబ్బలెక్కించే గుల్లలు' అని పెట్టాను. వాడు నవ్వలేదు సరికదా, అంటే ఏంటమ్మా అని అడిగాడు. ఎక్కడ చెడింది?
– ఓ పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: మీరు చూసి రాసిన ఆ ఇంగ్లిషు మాట కూడా అనువాదమే. టిన్‌టిన్‌ని సృష్టించిన ఎర్జే ఫ్రెంచిలో రాసింది 'మీల్ సబోర్', అంటే వెయ్యి ఫిరంగి కంతలు. పాత యుద్ధనౌకల పక్కగోడల్లో ఫిరంగి మూతి బయటపెట్టడానికి ఉండే కిటికీలన్నమాట. ఇంగ్లిషు చేసిన లెస్లీ లాన్స్‌డేల్-కూపర్, మైకేల్ టర్నర్ ఆ కంతల జోలికే పోకుండా 'బ' మోత పట్టుకున్నారు. మీరు మోత వదిలేసి అర్థం పట్టుకున్నారు. చెడింది అక్కడే.

హాడక్ తొలిసారి కనిపించింది 1941లో, ఓ దినపత్రిక పిల్లల అనుబంధంలో. తాగుబోతు నావికుడి అసలు నోరు అక్కడ అచ్చుకెక్కదు. అందుకే తిట్టు కాని మాటని తిట్టులా అరిపించాడు ఎర్జే. కాబట్టి మీరు చూసుకోవాల్సినవి మూడే: సముద్రం వాసన ఉండాలి, మొదటి అక్షరాలు ఢీకొట్టాలి, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. పన్నెండు అక్షరాలు దాటితే కోపం చల్లారిపోతుంది.

'కోటానుకోట్ల కరకు గుల్లలు!' అని చూడండి. పదకొండు అక్షరాలు. క, గ యతిమైత్రి ఉన్న అక్షరాలు కాబట్టి చివర 'గు' వచ్చినా చెవికి తేడా రాదు. బార్నకిల్ పడవ అడుగున అతుక్కుని గట్టిపడే జీవి. చూడ్డానికి గుల్లే గానీ పీత, రొయ్యల బంధువు. గీకి తియ్యకపోతే పడవ నడక మందగించి డీజిలు ఎక్కువ తాగుతుంది. నావికుడు దాన్ని తిట్టుకోవడంలో న్యాయం ఉంది. హాడక్ ఇంకో అరుపు 'థండరింగ్ టైఫూన్స్'కి 'తొమ్మిది తోకల తుఫాను!' సరిపోతుంది. ఇంగ్లిషులో అప్పుడప్పుడూ 'బ్లిస్టరింగ్' ముందు వచ్చే 'బ్లూ' కేవలం 'బ' కోసం వచ్చింది, నీలం అని రాయకండి.

హాడక్ కోపానికి మెట్లున్నాయి. ఫ్రెంచిలో వెయ్యి, ఆపైన వెయ్యి మిలియన్ల వెయ్యి, అలా పైకెక్కుతుంది. మీరూ 'గుల్లలు!', 'లక్ష గుల్లలు!', 'కోటానుకోట్ల...' అని ముందే వరస రాసుకోండి. పక్కనే పేజీ నంబరు వేసుకోండి. మూడో పేజీలోనే కోట్లు ఖర్చుపెట్టేస్తే ఓడ మునిగే పేజీకి ఏమీ మిగలదు.

మనుషుల మీద విసిరే తిట్లది ఇంకో దారి. అక్కడ హాడక్ ఎక్టోప్లాజమ్, లాగరిథమ్, ఆఖరికి వాక్యదోషాల పేర్లు కూడా వాడేస్తాడు. ఈ పనికి మన వ్యాకరణం బంగారు గని. 'ఓరి వైరి సమాసమా! గసడదవాదేశమా! ఆమ్రేడితమా!' అంటే తెలుగు మాస్టారి చేతిలో పడిన ఎవరికైనా నవ్వొస్తుంది. అర్థం తెలియని పిల్లలకి ఆ చప్పుడు చాలు.

ఒక మాట. ఇంట్లో చదువుకోడానికి సరే, అచ్చు వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఎర్జే పోయింది 1983లో. మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కులుంటాయి.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్లో వినపడే తిట్లే పెట్టేస్తే పోలా? కెప్టెన్‌తో మన ఉత్తరాంధ్ర యాస మాట్లాడిస్తే ఇంకా బాగుంటుంది కదా?
– ఓ పాఠకుడు, జాలారిపేట

జవాబు: హార్బరు మాటలు తీసుకోండి, తిట్లు వద్దు. అసలు తిట్లలో సగం అమ్మనో కులాన్నో గుడ్డి, కుంటి అంటూ ఒంట్లో లోపాన్నో పట్టుకుని వేలాడతాయి. హాడక్ నోట కూడా కొన్ని జాతుల పేర్లు తిట్లుగా వస్తాయి, వాటిని మార్చేస్తే కథకేమీ నష్టం లేదు. చేపల పేర్లతో మొదలుపెడితే సరుకు మన దగ్గర బోలెడుంది: 'ఎండు నెత్తళ్ళ బస్తా!', 'కుళ్ళిన కవళ్ళ గంపా!', 'తుప్పు లంగరూ!'. సన్నటి దొంగకి నెత్తళ్ళు, లావుపాటి వాడికి లంగరు. అటూ ఇటూ చేస్తే బొమ్మతో పొసగదు.

అన్నిటికంటే మంచిది రేవులో ఎగరేసే ప్రమాద సూచిక. 'పదో నంబరు ఎగరేస్తా నీమీద!' అంటే విశాఖలో విడమర్చి చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు. పది అంటే తీవ్ర తుఫాను రేవు మీదుగానో దగ్గర్లోంచో పోతుందని. పదకొండు అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. కోపంతో కెప్టెన్‌కి మాట పడిపోయిన గడిలో 'పదకొండు!' అన్న ఒక్క ముక్క చాలు. ఈ నంబర్లు మన దేశపు రేవులవే అయినా చదివేవాడికి ఊరు గుర్తురాదు. అదే కెప్టెన్ చేత విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఒట్టేయిస్తే కథ అక్కడికక్కడే తెగిపోతుంది.

యాస మాత్రం వద్దు. అప్పుడు మిగతా జిల్లాలవాళ్ళు నవ్వేది కెప్టెన్ కోపాన్ని చూసి కాదు, మీ పేట మాటని చూసి.

ప్రశ్న: బొమ్మల కథలో మాటలు రాసే బెలూన్లో తెలుగు పట్టడం లేదు. వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి.
– డీటీపీ ఆపరేటర్, అల్లిపురం

జవాబు: వత్తులు విడిపోతుంటే యూనికోడ్ ఫాంటుకీ సాఫ్ట్‌వేర్‌కీ పొత్తు కుదరలేదని. పాత వెర్షన్ ఫోటోషాప్‌లో అయితే ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్ళి వరల్డ్-రెడీ లేఅవుట్ గానీ, ఇంకా పాతదాంట్లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ గానీ ఎంచుకుని, కొత్త ఫైలు తెరవండి. యూనికోడ్ కాని అనూ ఫాంట్లో కొట్టింది నేరుగా తెచ్చి అతికిస్తే గీతలూ గుర్తులే వస్తాయి, ముందు కన్వర్టర్లో మార్చాలి.

ఇక చోటు. ఇంగ్లిషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలకి పైనా కిందా ఏమీ ఉండవు, మనకి పైన గుడులు, కింద వత్తులు. 10 పాయింట్ల అక్షరానికి వరసల దూరం 14 అయినా ఉండాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. మూడు వరసలు పట్టే బెలూన్లో రెండే పడతాయని లెక్కేసి, అనువాదకులకి ముందే అక్షరాల పరిమితి చెప్పండి. అక్షరాలు పక్కలకి నొక్కకండి, వత్తులు మసిబారతాయి. అరుపు చూపడానికి మనకి పెద్దబడి లేదు గనక బొద్దు అక్షరం, రెండు పాయింట్లు పెంచిన సైజు, 'తుఫానూ...' అని సాగదీత వాడుకోండి. సమాసాన్ని విరవాల్సి వస్తే పదం దగ్గరే విరవండి: 'గసడదవా / దేశమా', 'గసడ / దవాదేశమా' కాదు.

ప్రశ్న: తిట్టు బదులు సుడులు, పుర్రెలు, చుక్కలు గీస్తారు కదా, వాటిని తెలుగు చెయ్యాలా?
– ఓ విద్యార్థి, గాజువాక

జవాబు: అక్కర్లేదు. అమెరికన్ కార్టూనిస్టు మోర్ట్ వాకర్ వాటికి 'గ్రాలిక్స్' అని పేరుపెట్టాడు. ఏ భాషవాడైనా తనకొచ్చిన తిట్టే అందులో చదువుకుంటాడు. మాటలున్న బెలూన్లోంచి మాటలు తీసేసి ఇవి పెట్టడం మాత్రం పని ఎగ్గొట్టడమే.