మూడు నెలలకోసారి ఇంజెక్షన్.. ఎఫ్‌డీ డబ్బంతా చేతిలో ఉంచుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. తెనాలిలో ఉంటారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఒక్కోటి రూ.11,500. ఆసుపత్రిలో చేరలేదంటూ బీమా సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. పింఛను నెలకు రూ.38,000. వచ్చే నెల రూ.8 లక్షల ఎఫ్‌డీ గడువు తీరుతుంది. ఆ డబ్బంతా సేవింగ్స్ ఖాతాలో ఉంచేయమంటారా?

జవాబు: వద్దండీ. ఈ మందు ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పెంచే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణచి ఉంచుతుంది, వేసుకున్నంత కాలమే. మీ నాన్నగారి దశలో సాధారణంగా జీవితాంతం కొనసాగిస్తారు. అంటే ఇది ఆసుపత్రి ఖర్చులా ఒక్కసారి వచ్చి పోయేది కాదు, ఇంటి అద్దెలాంటిది. తేదీ తప్పకూడదు. కాబట్టి ఆ తేదీకి అందే రాబడి చూసుకోవాలి.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ కూడా మూడు నెలలకోసారే వస్తుంది: ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి ఒకటో తేదీల్లో. 8.2 శాతం వడ్డీకి రూ.6 లక్షలు నాన్నగారి పేరిట పోస్టాఫీసులో వేస్తే మూడు నెలలకు రూ.12,300. ఇంజెక్షన్ డబ్బులు పోను రూ.800 మిగులుతాయి. అసలు కదలదు. అయిదేళ్ల గడువుకు ముందే తీస్తే కొంత కోత పడుతుంది కనుక మిగతా రూ.2 లక్షలు చిన్న ఎఫ్‌డీలుగా విడగొట్టండి. క్యాన్సర్ తీరు చూసే పీఎస్ఏ రక్తపరీక్షలు ఉంటాయి, ఈ మందుతో ఎముకలు పలచబడతాయి కనుక కాల్షియం, స్కాన్లు ఉంటాయి. రేపు డాక్టరు మాత్రలు కూడా కలిపితే ముందుగా తీయాల్సింది ఈ డబ్బే.

బీమా విషయం వదిలేయకండి. తిరస్కరణ లేఖ రాతపూర్వకంగా తీసుకుని, సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అయితే ఆ డబ్బు వస్తుందని లెక్కలో మాత్రం వేసుకోవద్దు. అంతకంటే ముందు 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ప్రైవేటు బీమా ఉన్నా ఇస్తారు. ఈ ఇంజెక్షన్ ప్యాకేజీలో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. వృషణాలు తొలగించే చిన్న శస్త్రచికిత్సతోనూ ఇదే ఫలితం వస్తుంది, ఒక్కసారితో అయిపోతుంది. ఆసుపత్రిలో చేరి చేయించుకునేది కనుక బీమాకూ మెరుగైన అవకాశం ఉంటుంది. కానీ వెనక్కి తీసుకోలేని పని. అది ఆయనా, డాక్టరూ తేల్చుకోవాల్సింది. డబ్బు మిగులుతుందని మీరు తొందరపెట్టకండి. అలాగని దాచిపెట్టడమూ న్యాయం కాదు.

పన్ను మినహాయింపు అంటారా, ఆయన ఆదాయానికి కొత్త పద్ధతిలో పన్నే పడదు. బిల్లులు మాత్రం పారేయకండి. మందుల షాపు ప్రింటర్ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. కొన్న రోజే జిరాక్సు తీసి, డాక్టరు చీటీకి పిన్ను చేసి పెట్టండి. అంబుడ్స్‌మన్ అడిగేది ఆ కాగితాలే.