ఓపియాయిడ్ కేసుల డబ్బు కౌంటీల చేతికొచ్చాక ఏమవుతోంది?

ఓపియాయిడ్లు, అంటే మత్తుకి అలవాటు చేసే బలమైన నొప్పిమందుల కేసుల్లో కంపెనీలు కట్టిన డబ్బు మత్తుకు అలవాటుపడ్డవాళ్ళ దాకా నిజంగా చేరుతోందా అని అడిగారు. నేను అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. కౌంటర్ దగ్గర చూసిందీ, మా కౌంటీ మీటింగుల్లో విన్నదీ చెప్తాను. చేరుతోంది, కానీ అన్నిచోట్లా కాదు. మన జిల్లా లాంటి కౌంటీని నడిపే కమిషనర్లు దేనికి ఓటేశారన్న దాన్నిబట్టే ఉంటుంది.

2021లో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్ బెర్గెన్ అనే హోల్‌సేల్ కంపెనీలు 18 ఏళ్ళలో 2,100 కోట్ల డాలర్ల దాకా, జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల దాకా కట్టడానికి ఒప్పుకున్నాయి. తర్వాత సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ లాంటివీ చేరాయి. 1998లో సిగరెట్ కంపెనీలు రాష్ట్రాలతో చేసుకున్న ఒప్పందం డబ్బుని చాలా రాష్ట్రాలు బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి వాడేశాయి. అందుకే ఈసారి కనీసం 85 శాతం ఈ మత్తుమందుల వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దడానికే పెట్టాలని షరతు రాయించారు. మా రాష్ట్రానికొచ్చే వాటాలో ఎక్కువ భాగం నేరుగా కౌంటీలకీ కొన్ని పట్టణాలకీ వెళ్తుంది. ఆ డబ్బుని విడి ఖాతాలో ఉంచాలి, ఏ పనికి ఎంతో కమిషనర్ల బోర్డు తీర్మానం చేయాలి, ఏటా జనం రాగలిగే మీటింగ్ ఒకటి పెట్టాలి.

నన్నడిగితే ఈ డబ్బుకి అన్నిటికంటే మంచి ఖర్చు జైల్లో ఈ వ్యసనానికి వైద్యం. కొన్ని వారాలు మత్తుకి దూరంగా ఉన్న ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మా రాష్ట్రంలో శిక్ష ముగించుకుని బయటికొచ్చినవాళ్ళ మీద 2018లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 40 రెట్లని తేలింది.

ఒక శుక్రవారం సాయంత్రం ఒకతను ఈ వ్యసనానికి వాడే బ్యూప్రెనార్ఫిన్ అనే మందు చీటీతో మా దగ్గరికొచ్చాడు. అదే రోజు కౌంటీ జైలు నుంచి విడుదలయ్యాడు. కంప్యూటర్లో అతని మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, పడలేదు. లోపలున్నన్నాళ్ళూ దాన్ని ఆపి ఉంచుతారు, మళ్ళీ మొదలవడానికి టైం పడుతుంది. ఇదివరకు ఇలాంటివాళ్ళు ధర వినగానే వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు, నేనేమీ చేయలేకపోయేదాన్ని. ఈసారి అతని వెంట ఒకావిడ వచ్చింది. ఆవిడా ఒకప్పుడు ఇదే వ్యసనంలోంచి బయటపడ్డ మనిషి. ఇప్పుడు ఇలాంటివాళ్ళకి తోడుండడమే ఆవిడ ఉద్యోగం, జీతం ఈ సెటిల్‌మెంట్ డబ్బులోంచే. సోమవారం క్లినిక్ అపాయింట్‌మెంట్ దాకా సరిపడా మందుకి బిల్లు కూడా కౌంటీదే. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మింగొద్దని నేను చెప్తుంటే, "తెలుసండీ, లోపల రోజూ ఇచ్చారు" అన్నాడు. ఓవర్‌డోస్‌కి విరుగుడైన నలాక్సోన్ అనే ముక్కు స్ప్రే పెట్టె కూడా చేతిలో పెట్టి, దాన్ని ఇంట్లో ఎక్కడ ఉంచాడో వాళ్ళమ్మకి చెప్పమన్నాను. ఓవర్‌డోస్ అయినవాడు తనకి తాను స్ప్రే కొట్టుకోలేడు కదా.

చెడ్డ ఖర్చులూ ఉన్నాయి. టెనెసీలోని గ్రీన్ కౌంటీ ఈ డబ్బులో కొంత తన అప్పుల కిందికి మళ్ళించింది. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ అవగాహన పేరుతో సంగీత కచేరీల మీద 6 లక్షల డాలర్లకు పైగా పెట్టిందని ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే ఆ రాష్ట్ర కంప్ట్రోలర్ కార్యాలయమే తప్పుపట్టింది. ఇవి వార్తల్లోకైనా వచ్చాయి. ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఎవరి కంటా పడని పద్ధతి: అంతకుముందు కౌంటీ తన పన్నుల్లోంచి ఇస్తున్న జీతాలని ఈ ఖాతాలోకి మార్చేయడం. కాగితం మీద అంతా నిబంధన ప్రకారమే కనిపిస్తుంది, కొత్తగా ఒక్క రోగికి కూడా మందు అందదు.

మన తెలుగువాళ్ళు ఈ మీటింగులకి దాదాపు రారు, ఇది మనింటి సమస్య కాదనుకుంటారు. ఫెంటనిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ కలిపిన నకిలీ మాత్రలు కాలేజీ పిల్లల దాకా వస్తున్నాయి. పిల్లాడికి అలవాటైందని తెలిసినా బయటికి పొక్కనివ్వని ఇళ్ళు నాకు తెలుసు. నలాక్సోన్ స్ప్రేకి 2023 నుంచి చీటీ అక్కర్లేదు. చాలా కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లు ఉచితంగానే ఇస్తున్నాయి, వెళ్ళి ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

మీ కౌంటీ బోర్డు తీర్మానాలు వెబ్‌సైట్లో దొరుకుతాయి. అవి చదివి, జనం మాట్లాడే సమయంలో లేచి అడగండి: మన జైల్లో బ్యూప్రెనార్ఫిన్, అదే పనికి వాడే మెథడోన్ ఇస్తున్నారా? విడుదలైన రోజు ఎన్ని రోజుల మందు ఇచ్చి పంపుతున్నారు? ఈ ఖాతాలోంచి జీతం తీసుకునేవాళ్ళలో ఎంతమంది కొత్తగా చేరినవాళ్ళు?